దొంగ రాకముందే మాట్లాడుకుందాం



ఒక ఇంట్లో దొంగతనం జరిగిందనుకోండి. పోలీసులు వస్తారు. క్లూస్ టీము వస్తుంది. బీరువా తలుపు మీద పొడి చల్లి వేలిముద్రలు తీస్తారు. ఏమేం పోయాయో రాసుకుంటారు. అప్పుడు ఇంటాయన మెల్లగా చెప్పడం మొదలుపెడతాడు. "వెనక గోడ పక్కన ఇసుక కుప్ప చాలా రోజులుగా ఉందండీ. పక్క స్థలం వాళ్ళది. దాని మీద ఎక్కే దూకి ఉంటాడు." అది విని ఎస్సై గారు కూడా చెబుతారు. "ఈ మధ్య మీ పక్క కాలనీలో రెండిళ్ళలో ఇలాగే జరిగిందండీ. రెండుచోట్లా వెనక గోడ దూకే వచ్చారు."

గమనించారా? ఇసుక కుప్ప సంగతి ఇంటాయనకు ముందే తెలుసు. వెనక గోడల సంగతి ఎస్సై గారికి ముందే తెలుసు. ఆ రెండు మాటలూ పది రోజుల ముందు ఒకచోట కలిసి ఉంటే ఇసుక కుప్ప అక్కడ ఉండేది కాదు. ఇంటావిడ పెళ్ళినాటి గొలుసు ఇంట్లోనే ఉండేది.

ఈ రోజు నేను మీతో చెప్పదలచుకున్నది ఇదే. సగం సంగతి మన దగ్గర ఉంది. మిగతా సగం పోలీస్ స్టేషన్‌లో ఉంది. దొంగతనం అయ్యాక ఎలాగూ ఆ రెండూ కలుస్తాయి. అవి దొంగతనానికి ముందే కలవాలి.

మన దగ్గరున్న సగం ఏమిటి? మన ఇల్లు మనకు తెలుసు. ఏ కిటికీ గడియ సరిగా పడదో తెలుసు. మేడ మీది తలుపుకి తాళం వేయడం ఎప్పుడో మానేశామని తెలుసు. వీధి చివర లైటు వెలగడం లేదని తెలుసు. పనిమనిషి కోసం తాళంచెవి చెప్పుల స్టాండులో పెడతామని తెలుసు.

మరి పోలీసుల దగ్గరున్న సగం? ఈ నెలలో ఎక్కడెక్కడ, ఏ వేళప్పుడు, ఏ దారిన దొంగలు వచ్చారో వాళ్ళకు తెలుసు. జైలు నుంచి ఎవరు విడుదలై వచ్చారో తెలుసు. ఒక్కో దొంగకు ఒక్కో పద్ధతి ఉంటుంది. ఒకడు తాళం కప్ప విరగ్గొడతాడు. ఒకడు కిటికీ ఊచలు వంచుతాడు. ఆ పద్ధతులన్నీ స్టేషన్ రికార్డుల్లో ఉంటాయి. కానీ ఆ రికార్డు మన వాకిట్లోకి రాదు. మన కిటికీ గడియ సంగతి స్టేషన్‌కి చేరదు.

దొంగ మాత్రం అన్నీ చూసుకునే వస్తాడు. పగటిపూట వీధిలో ఒకసారి నడుస్తాడు. గేటుకు బయటి నుంచి తాళం కప్ప వేలాడుతోందా? పాల ప్యాకెట్లు అలాగే పడి ఉన్నాయా? పేపర్లు గుమ్మం ముందు పోగుపడ్డాయా? పట్టపగలు వరండాలో లైటు వెలుగుతోందా? ఇంకొకటి, మన తెలుగిళ్ళలో ముఖ్యమైనది. వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టారా లేదా? వీధంతా ముగ్గులుండి ఒక్క ఇంటి ముందు లేకపోతే, ఆ ఇంట్లో ఎవరూ లేరని చెప్పకనే చెప్పినట్టు. సంక్రాంతి నెలలో అయితే మరీను.

ఇలా ఇంటివాళ్ళూ పోలీసులూ ముందుగా కూర్చుని ఆలోచిస్తే నిజంగా దొంగతనాలు తగ్గుతాయా అని మీరు అడగవచ్చు. తగ్గుతాయి. దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. కొంచెం వివరంగా చెబుతాను, వినండి.

ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గర రాచ్‌డేల్ అనే ఊరుంది. ఆ ఊళ్ళో కిర్క్‌హోల్ట్ అని ఒక పెద్ద కాలనీ. రెండు వేలకు పైగా ఇళ్ళు. ఆ ఇళ్ళు కట్టించి అద్దెకిచ్చింది అక్కడి పురపాలక సంఘం. అంటే ఇళ్ళకు యజమాని పురపాలక సంఘమే. 1980ల మధ్యలో ఆ కాలనీలో దొంగతనాలు విపరీతంగా జరిగేవి. అప్పుడు ఒక పని చేశారు. పోలీసులు, పురపాలక సంఘం వాళ్ళు, శిక్ష పడినవాళ్ళ బాగోగులు చూసే ప్రొబేషన్ అధికారులు, యూనివర్సిటీ పరిశోధకులు ఒకచోట కూర్చున్నారు. వెంటనే గస్తీలు పెంచలేదు. కెమెరాలు కొనలేదు. ముందు అడిగి తెలుసుకున్నారు.

ఎవరిని అడిగారు? దొంగతనం జరిగిన ఇళ్ళవాళ్ళను అడిగారు. వాళ్ళ ఇరుగుపొరుగును అడిగారు. దొంగలను కూడా అడిగారు. ఆ ప్రాంతంలో దొంగతనం చేసి శిక్ష పడినవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఆ ఇల్లే ఎందుకు ఎంచుకున్నావు, ఎలా లోపలికి పోయావు అని అడిగారు.

అలా అడిగితే రెండు సంగతులు బయటపడ్డాయి. మొదటిది, నాణేల మీటర్లు. అప్పట్లో అక్కడ చాలా ఇళ్ళలో కరెంటుకీ గ్యాసుకీ నాణేలు వేసే మీటర్లు ఉండేవి. నాణెం వేస్తేనే కరెంటు. అది అయిపోతే మళ్ళీ వేయాలి. వేసిన డబ్బంతా ఆ పెట్టెలోనే ఉంటుంది, సంస్థ మనిషి వచ్చి తీసుకెళ్ళే వరకు. అంటే బీదవాళ్ళ ఇంట్లో కూడా రొక్కం ఉంటుందని దొంగకు ముందే తెలుసు. ఆ మీటరు ఎక్కడుంటుందో కూడా తెలుసు. ఆ కాలనీలో జరిగిన దొంగతనాల్లో దాదాపు సగం ఆ మీటర్ల డబ్బు పోయినవే.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఒకసారి దొంగ పడిన ఇంట్లోనే మళ్ళీ దొంగ పడుతున్నాడు. మళ్ళీ చెబుతున్నాను, ఇది మనమంతా గుర్తుపెట్టుకోవలసిన మాట. ఒకసారి దొంగ పడిన ఇంటికి రెండోసారి ప్రమాదం ఎక్కువ. కిర్క్‌హోల్ట్‌లో మిగతా ఇళ్ళతో పోలిస్తే అది దాదాపు నాలుగు రెట్లు ఉంది. మనం దీనికి విరుద్ధంగా అనుకుంటాం. ఒకసారి పోయింది కదా, ఇంక మన జోలికి రాడులే అనుకుంటాం. దొంగకు ఆ ఇంటి లోపలి దారి తెలిసిపోయింది. పోయిన వస్తువులు మళ్ళీ కొనుక్కుంటారని కూడా తెలుసు. అందుకే మళ్ళీ వస్తాడు.

ఈ రెండూ తెలిశాక పని సులువైంది. కరెంటు, గ్యాసు సంస్థలతో మాట్లాడి నాణేల మీటర్లు తీసేయించడం మొదలుపెట్టారు. దొంగతనం జరిగిన ఇళ్ళకు పురపాలక సంఘం గట్టి తాళాలు, గట్టి తలుపులు పెట్టించింది.  దొంగ పడిన ఇంటి చుట్టూ ఉన్న ఐదారు ఇళ్ళవాళ్ళను కలిసి, "ఈ ఇంటిని కొన్నాళ్ళు మీరు కాస్త కనిపెట్టి ఉండండి" అని అడిగారు. కాలనీ అంతటినీ కాపలా కాయమనలేదు. ఆ ఒక్క ఇంటినే చూడమన్నారు. కాబట్టే జనం ఒప్పుకున్నారు. తర్వాతి దశలో ఇంకో అడుగు వేశారు. అప్పుల్లో కూరుకుపోయినవాళ్ళ కోసం కాలనీలో పొదుపు సంఘం పెట్టారు.

ఫలితం? ఏడాది తిరిగేసరికి దొంగతనాలు సగానికి పైగా తగ్గాయి. మూడేళ్ళలో నాలుగింట మూడు వంతులు తగ్గిపోయాయి. ఆ దొంగతనాలు పక్క ప్రాంతాలకు తరలిపోయిన జాడ కూడా పరిశోధకులకు కనబడలేదు.

ఇందులో పోలీసులు ఒంటరిగా చేయగలిగింది ఏది చెప్పండి? మీటరు కరెంటు సంస్థది. తలుపు పురపాలక సంఘానిది. పొరుగింటి చూపు పొరుగువాళ్ళది. మీటరు పీకేయడం ఏ కానిస్టేబుల్ చేతిలోనూ లేదు. అలాగని, దొంగతనాల్లో సగం మీటర్ల కోసమేనని ఇంటివాళ్ళకు మాత్రం ఎలా తెలుస్తుంది? ఎవరి ఇంటి సంగతి వారికే తెలుసు. వందల కేసులు పక్కపక్కన పెట్టి చూసిన పోలీసులకే ఆ లెక్క అందుతుంది. సగం వీళ్ళ దగ్గర, సగం వాళ్ళ దగ్గర.

సరే, ఇంగ్లండ్ సంగతి అలా ఉంచి మన ఇళ్ళకు వద్దాం.

మనకు నాణేల మీటర్లు లేవు. మనకున్నది తాళం వేసిన ఇల్లు. సంక్రాంతికి ఊరెళతాం. ఎండాకాలం సెలవులకు పిల్లల్ని తీసుకుని అమ్మమ్మగారింటికి వెళతాం. తిరుపతి వెళతాం, పెళ్ళిళ్ళకు వెళతాం. పట్నాల్లో వీధులకు వీధులే ఖాళీ అవుతాయి. అందుకే రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులూ ఏటా పండగల ముందు, ఊరెళ్ళేవాళ్ళు స్టేషన్‌లో చెప్పి వెళ్ళండని కోరుతుంటారు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఒక అడుగు ముందుకేసి తాళం వేసిన ఇళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక ఏర్పాటు తెచ్చారు. ఎల్‌హెచ్‌ఎంఎస్ అంటారు. ఊరెళ్ళేవాళ్ళు ఫోన్‌లోని యాప్‌లో నమోదు చేసుకుంటే పోలీసులు వచ్చి ఇంట్లో ఒక చిన్న కెమెరా పెడతారు. ఇల్లు తాళం వేసి ఉండగా లోపల ఏదైనా కదిలితే కంట్రోల్ రూముకు కబురు వెళుతుంది. దగ్గర్లో ఉన్న గస్తీ వాళ్ళు పరుగెత్తుకొస్తారు. దీనికి ఇంటివాళ్ళు డబ్బు కట్టనక్కర్లేదు. మీ ఊళ్ళో ఈ సదుపాయం ఇప్పుడు ఎలా అందుతోందో మీ స్టేషన్‌లో అడగండి.

అయితే, ఎంత చెప్పినా చెప్పి వెళ్ళేవాళ్ళు తక్కువే. ఎందుకు? దీని గురించి కాస్త మనసు విప్పి మాట్లాడుకోవాలి.

మనలో చాలామంది ఒక మాట గొప్పగా చెప్పుకుంటారు. "ఇంతవరకు నేను పోలీస్ స్టేషన్ గడప తొక్కలేదండీ." దాన్ని పరువుగా భావిస్తాం. మన తాతలు, తండ్రులు అలా అనుకోవడానికి కారణాలున్నాయి. స్టేషన్‌కి వెళ్ళినవాడు ఫిర్యాదుదారైనా సరే, గంటలకొద్దీ బెంచీ మీద కూర్చోవలసి వచ్చేది. ఎందుకొచ్చావన్నట్టు చూసేవాళ్ళు. ఆ భయం తరాలుగా వచ్చింది. దాన్ని ప్రజల తప్పు అనలేం. ఆ భయం పోగొట్టవలసిన బాధ్యత ముందు పోలీసులదే.

ఇంకొందరికి ఇంకో అనుమానం. ఇల్లు తాళం వేసి వెళుతున్నామని చెబితే ఆ కబురు ఎక్కడెక్కడికి పోతుందో అని. ఆ అనుమానాన్ని కొట్టిపారేయకూడదు. కానీ ఒకటి ఆలోచించండి. మీ ఇల్లు ఖాళీగా ఉందని మీ గేటు తాళమే వీధంతా చాటుతోంది. తెలియనిది ఒక్క గస్తీ కానిస్టేబుల్‌కే. కాబట్టి చెప్పండి. చెప్పేటప్పుడు ఇంట్లో ఏమున్నాయో చెప్పనక్కర్లేదు. ఎన్నాళ్ళు ఉండరో, మీ ఫోన్ నంబరేమిటో, దగ్గర్లో ఎవరికి కబురు చేయాలో, అంతే. మీ వీధి బీటు చూసే కానిస్టేబుల్ ఎవరో అడిగి ఆయన పేరు, నంబరు రాసుకోండి. ఆయన గస్తీకి వచ్చాడో లేదో పొరుగింటివాళ్ళు చూడవచ్చు. ఆ పొరుగింటివాళ్ళనే పాల ప్యాకెట్లు తీసిపెట్టమనండి. పొద్దున్నే వాకిట్లో నాలుగు గీతలు ముగ్గు వేయమనండి.

ఇక కెమెరాల సంగతి. 2013 ఫిబ్రవరిలో హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబు పేలుళ్ళు జరిగాయి. ఎన్నో కుటుంబాలు దుఃఖంలో మునిగిపోయాయి. ఆ ఏడాదే అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజాభద్రతా చట్టం వచ్చింది. జనం ఎక్కువగా వచ్చే దుకాణాలు, హాళ్ళు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు, ప్రార్థనాస్థలాలు సీసీ కెమెరాలు పెట్టుకోవాలని, వాటి ఫుటేజీ నెల రోజులు భద్రపరచాలని ఆ చట్టం చెబుతుంది. తర్వాత హైదరాబాద్‌లో "నేను సైతం" అనే పేరుతో పోలీసులు ప్రజలను కలుపుకొన్నారు. కాలనీలవాళ్ళు, దుకాణాలవాళ్ళు తలా కొంత వేసుకుని వీధుల్లో కెమెరాలు పెట్టించారు. 2022లో బంజారాహిల్స్‌లో పెద్ద కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. కెమెరాల వల్ల ఎన్నో కేసులు తేలాయి. అది నిజం.

కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. కెమెరా కొనడమే ప్రణాళిక అనుకుంటున్నాం. అది పొరపాటు. కెమెరా ఎక్కువగా చేసేది జరిగింది చూపించడం. జరగకుండా ఆపాలంటే అది ఎటు చూడాలో ముందు కూర్చుని తేల్చుకోవాలి. దుకాణంలో కెమెరా ఎటు చూస్తుంది? గల్లా పెట్టె వైపు. అంటే యజమాని తన పనివాళ్ళను చూసుకోవడానికి పెట్టుకున్నాడు. షట్టరు వైపు, వెనక సందు వైపు ఏమీ ఉండదు. ఫుటేజీ నిల్వ ఉండే డీవీఆర్ పెట్టె ఎక్కడ ఉంటుంది? అదీ గల్లా పక్కనే. దొంగ పోతూ పోతూ ఆ పెట్టె కూడా పట్టుకుపోతాడు. కొన్నిచోట్ల డీవీఆర్‌లో తేదీ, గంట తప్పుగా ఉంటాయి. కొన్నిచోట్ల వేపకొమ్మ పెరిగి కెమెరాకు అడ్డం వస్తుంది. ఇవన్నీ అరగంటలో సరిచేసుకోగలిగినవే. ఎస్సై గారో, బీటు కానిస్టేబుల్ గారో ఒక సాయంత్రం బజారు యజమానులతో కలిసి ఆ వీధి అంతా నడిస్తే చాలు. ఆ కొస కెమెరాకు అందడం లేదు, ఈ రెండు కెమెరాలూ ఒకేచోటును చూస్తున్నాయి, ఒకటి అటు తిప్పండి. అలా నడుస్తుంటే, పక్కింటి పడకగది వైపు చూస్తున్న కెమెరా కూడా కనబడుతుంది. దాన్నీ తిప్పించాలి.

ఆ నడకలో ఇంకొకటి కూడా తెలుస్తుంది. మూతపడి ఉన్న దుకాణాలు. నగల షాపుల్లో జరిగిన కొన్ని దొంగతనాల్లో బయటపడిన పద్ధతి ఇది. పక్కనున్న ఖాళీ గదిలోకి చేరి, మధ్య గోడకు కన్నం వేస్తారు. నగల షాపు షట్టరుకు ఎన్ని తాళాలున్నా ఏం లాభం? బలహీనమైన గోడ పక్క గదిలో ఉంది. ఆ ఖాళీ గది యజమాని ఎక్కడో దూరాన ఉంటాడు. ఆయన్ని పిలిచి కూర్చోబెట్టకపోతే నగల షాపాయన ఒక్కడూ ఏం చేయగలడు? అందుకే ఒక్కరి ఇల్లు, ఒక్కరి కొట్టు అని కాకుండా వరసలో ఉన్న యజమానులందరూ పోలీసులతో కలిసి కూర్చోవాలంటున్నాను.

అపార్ట్‌మెంట్లకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ సమావేశానికి వాచ్‌మన్‌ని కూడా పిలవండి. మన అసోసియేషన్ సమావేశాల్లో ఆయన కుర్చీలు వేసి పక్కకు వెళ్ళిపోతాడు. సెల్లార్‌లో ఏ మూల చీకటిగా ఉంటుందో, కొరియర్ పేరు చెప్పి ఎవరెవరు పైకి వెళుతుంటారో ఆ అపార్ట్‌మెంట్‌లో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. ఆయన్నీ, ఆయన భార్యనూ కూర్చోబెట్టి అడగండి. ఏ దొంగతనం జరిగినా మొదటి అనుమానం వాళ్ళ మీదకే పోతుంది. ప్రణాళికలో మాత్రం వాళ్ళకు చోటుండదు. ఇది అన్యాయం.

అనుమానం మాట వచ్చింది కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగుదాం. పోలీసులూ యజమానులూ చేయి కలిపినప్పుడు ఒక ప్రమాదం ఉంది. ఆ కలయిక అద్దెకున్నవాళ్ళ మీదకు, వలస కూలీల మీదకు, వీధిలో బుట్ట పట్టుకుని తిరిగేవాళ్ళ మీదకు మళ్ళవచ్చు. అద్దెకు దిగేవాళ్ళ గుర్తింపు కార్డు తీసుకోండి, పూర్వం ఎక్కడున్నారో కనుక్కోండి. అందులో తప్పేమీ లేదు. కానీ ఫలానా ఊరివాళ్ళకు ఇవ్వం, ఫలానా మతంవాళ్ళకు ఇవ్వం, ఒంటరి ఆడవాళ్ళకు ఇవ్వం అంటూ దానికి భద్రత అని పేరు పెట్టడం తప్పు. దాంతో నేరాలు ఆగవు.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో నోరిస్‌టౌన్ అనే పట్టణంలో ఇలాంటి పొరపాటే జరిగింది. ఏదైనా అద్దె ఇంటికి గొడవల కారణంగా నాలుగు నెలల్లో మూడుసార్లు పోలీసులు రావలసి వస్తే ఆ ఇంటి యజమాని లైసెన్సు ఆపేస్తామని, అద్దెకున్నవాళ్ళను ఖాళీ చేయించమని అక్కడ నిబంధన పెట్టారు. నేరాలు తగ్గుతాయనుకున్నారు. ఏం జరిగింది? ఒక మహిళను ఆమె మాజీ ప్రియుడు కొడుతున్నాడు. పోలీసులను పిలిస్తే ఇల్లు పోతుందని ఆమె పిలవడానికే భయపడింది. 2012లో అతను ఆమెను తీవ్రంగా పొడిచాడు. హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తరలించవలసి వచ్చింది. ఆ తర్వాత కోర్టులో కేసు నడిచింది. 2014లో ఆ పట్టణం రాజీకి వచ్చి ఆ నిబంధన ఎత్తేసింది. ఇక్కడ లోపం ఎక్కడుంది? ఆ ప్రణాళికలో పోలీసులున్నారు, యజమానులున్నారు. ఆ ఇంట్లో కాపురం ఉంటున్న మనిషి లేదు. కిర్క్‌హోల్ట్‌లో ఇంట్లో ఉన్నవాళ్ళను ముందు అడిగారు. ఇక్కడ అడగలేదు. తేడా అదే.

పల్లెటూళ్ళలో వింటున్న రైతు సోదరులు, ఇదంతా పట్నాల సంగతి అనుకోవద్దు. మీ ఆస్తి ఆరుబయట ఉంటుంది. బోరు మోటార్లు, కేబుల్ వైర్లు, స్టార్టర్లు, పొలాల్లోని ట్రాన్స్‌ఫార్మర్లు. రాత్రిపూట ట్రాన్స్‌ఫార్మర్ కిందికి దించి, పగలగొట్టి, ఆయిలు పారబోసి, లోపలి రాగి తీగ పట్టుకుపోతారు. దొంగకు దక్కేది తీగ ఖరీదు. రైతుకు పోయేది మడిలోని పైరు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేదాకా నారు ఆగదు కదా!

ఇక్కడ ఎవరెవరు కూర్చోవాలి? ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటార్లున్న రైతులు. లైన్‌మన్. స్టేషన్ నుంచి ఒకరు. ఇంకొక ముఖ్యమైన మనిషి ఉన్నాడు, పాత సామాన్లు కొనే దుకాణదారు. రాగి తీగ దొంగిలించినవాడు దాన్ని వండుకు తినడు, ఎక్కడో అమ్మాలి. అమ్ముడుపోని వస్తువు కోసం ఎవడూ స్తంభం ఎక్కడు. కాబట్టి రాగి తెచ్చినవాడి పేరు, ఫోన్ నంబరు, బండి నంబరు రాసుకునే అలవాటు చుట్టుపక్కల పాత సామాన్ల దుకాణాల్లో రావాలి. దుకాణదారులను దొంగలుగా చూసి బెదిరిస్తే అది జరగదు. వాళ్ళనూ ఆస్తి ఉన్న యజమానులుగా గౌరవించి కూర్చోబెడితే జరుగుతుంది. ఏ రాత్రి ఏ ఫీడరుకు కరెంటు ఉండదో లైన్‌మన్‌కి తెలుసు. ఆయన ముందే చెబితే ఆ రాత్రి ఎటు గస్తీ తిరగాలో పోలీసులు తేల్చుకోవచ్చు.

ఇప్పుడు పోలీసు సోదరులతో రెండు మాటలు. మీ మీద పనిభారం ఎంతో మాకు తెలుసు. బందోబస్తులు, కోర్టు వాయిదాలు, సిబ్బంది కొరత. అయినా అడుగుతున్నాను. 1861 నాటి పోలీసు చట్టం పోలీసుల విధులు చెప్పేచోట నేరస్తులను పట్టుకోవడం కంటే ముందు నేరాలు జరగకుండా చూడడాన్నే చెప్పింది. అది మీ అసలు పని. కేరళలో 2008లో జనమైత్రి అనే పథకం మొదలుపెట్టారు. అందులో బీటు చూసే పోలీసు తన పరిధిలోని ప్రతి ఇంటికీ వెళ్ళి పరిచయం చేసుకోవాలి. ఇంటివాళ్ళకు ఆయన పేరుతో సహా తెలియాలి. మన దగ్గర కూడా బీటు కానిస్టేబుల్‌ను తరచుగా మార్చకుండా ఒకేచోట కొంతకాలం ఉంచితే సగం పని అయిపోతుంది. ఇంకొకటి. జనం మీకు సమాచారం ఇస్తారు. మీరూ తిరిగి ఇవ్వండి. "ఈ నెల మన ప్రాంతంలో మధ్యాహ్నం వేళ తాళాలు పగలగొడుతున్నారు, జాగ్రత్త" అని కాలనీ పెద్దలకు ఒక్క ఫోన్ చేస్తే చాలు. ఆ మాట చెబితే స్టేషన్‌కి చెడ్డపేరు వస్తుందనుకోకండి. నమ్మకం వస్తుంది.

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళకూ ఒక విన్నపం. ఇంగ్లండ్‌లో 1989 నుంచి పోలీసులే ఇళ్ళ నిర్మాణంలో భద్రత కోసం ఒక పథకం నడుపుతున్నారు. ఇల్లు ఇంకా కాగితం మీద ఉండగానే, శిక్షణ పొందిన పోలీసు అధికారి ప్లాను చూసి సలహా ఇస్తారు. మనం ఇల్లు కట్టేముందు వాస్తు చూపిస్తాం. నీళ్ళు ఎక్కడ పడతాయో చూపిస్తాం. ఆ ప్లానునే ఇంకో చూపుతో కూడా చూడాలి. వంటింటి పైన సజ్జ మీద నిలబడితే మేడ అందుతుందా? పక్కింటి పిట్టగోడకూ మన కిటికీకీ ఎంత దూరం? వీధిలోకి చూసే కిటికీ ఒక్కటైనా ఉందా? పాత రోజుల్లో మన ఇళ్ళకు వీధి అరుగులుండేవి. సాయంత్రమైతే పెద్దవాళ్ళు అరుగు మీదే. వీధిలో కొత్త మనిషి కనబడితే "ఎవరింటికి బాబూ?" అని అడిగేవాళ్ళు. 1961లో అమెరికాలో జేన్ జేకబ్స్ అనే రచయిత్రి నగరాల మీద రాసిన పుస్తకంలో ఇదే వాదించింది. వీధి మీద జనం చూపు ఉన్నంతకాలం వీధి క్షేమంగా ఉంటుందని. ఇప్పుడు మనం అరుగులు తీసేశాం, ఎత్తైన ప్రహరీలు కట్టాం. ప్రహరీ ఎంత ఎత్తయితే, లోపలికి దూకినవాడు అంత బాగా దాక్కోగలుగుతాడు. గోడ కాస్త తగ్గించి పైన గ్రిల్ పెట్టించండి.

శ్రోతలారా, మీలో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అధ్యక్షులుంటారు. బజారు సంఘాల పెద్దలుంటారు. ఆయకట్టు రైతులుంటారు. మామూలుగా ఒక ఇల్లు, ఒక వాకిలి ఉన్నవాళ్ళుంటారు. మీ అందరినీ అడుగుతున్నాను. ఈ వారంలో ఒకరోజు మీ వీధిలో నలుగురిని కూడగట్టుకుని స్టేషన్‌కి వెళ్ళండి. ఫిర్యాదు ఇవ్వడానికి కాదు, పరిచయం చేసుకోవడానికి వచ్చామని చెప్పండి. మీ బీటు కానిస్టేబుల్ పేరు, నంబరు అడగండి. ఒక సాయంత్రం మా వీధిలో మాతో కలిసి నడవండని ఆహ్వానించండి. మీ వీధిలో ఈ మధ్య దొంగ పడిన ఇల్లు ఉంటే ముందు ఆ ఇంటి దగ్గర ఆగండి. ఆ ఇంటికి రెండోసారి ప్రమాదం ఎక్కువని చెప్పాను కదా. దాని చుట్టూ ఉన్న ఐదారు ఇళ్ళవాళ్ళతో అక్కడే మాట్లాడండి. అత్యవసరమైతే ఏ ఫోన్ నుంచైనా 112కు చేయండి.